రెండుసార్లు అవునన్న సంచి

ఏజెంట్ బెరెక్యాను గొంతు కోసి ద్రాక్షగానుగ తొట్టిలో పడేశారు. బిగిసిన గుప్పిట్లో కుండపెంకు. దానిమీద గీకిన మాటలు రెండే: ‘రాళ్ళు మార్చారు.’

సేనాధిపతి శిమ్రీ ఆ పెంకును ఎలీదాదు చేతిలో పెట్టాడు. ఎలీదాదు పైకి ఉప్పు వర్తకుడు, లోపల గూఢచారి.

“ఊరీము, తుమ్మీము: యాజకుడి సంచిలోని రెండు రాళ్ళు. తెల్లరాయి వస్తే అవును, నల్లది వస్తే కాదు. ఇంకాసేపట్లో యాజకుడు దేవుణ్ణి అడుగుతాడు. అవునంటే మూడువందల మంది కనుమలోకి దిగుతారు. అక్కడ ఫిలిష్తీయులు కాచుకుని ఉంటే ఒక్కడూ తిరిగిరాడు.”

“సంచి విప్పి చూడండి దొరా.”

“ఆ రాళ్ళను యాజకుడు తప్ప ఎవడు ముట్టినా చావే. ఆయన కూడా సంచిలోకి తొంగిచూడకూడదు. మీ చిన్నవాడు ఏ వరసలో ఉన్నాడు?”

“మొదటి వరస.”

పెద్దవాడు నిరుడే పోయాడు. అప్పటినుంచి ఎలీదాదుకు మనసు తిమ్మిరెక్కిన చెయ్యిలా ఉంది. ఇప్పుడు ఎంత భయపడాలో అతనికి తెలుసు. భయమే రావడం లేదు.

గుడారం దగ్గర పరిమళ తైలాలమ్మే హొగ్లా ఎదురైంది. శత్రువుల ఊళ్ళో అతని వేగు ఆమే. ఆమె నడిచొస్తే కావలివాళ్ళు అడక్కుండానే దారిస్తారు. మొన్న యాజకుడి సంచికి ఊడిన కుట్లు వేసిందీ ఆమే.

“నీ నూనెలో బోళం ఎంత?” ఎలీదాదు కోడ్ మాట అడిగాడు.

“ఏడ్చేవాళ్ళకు సరిపడా. కనుమ ఖాళీ సెట్టిగారూ, నిశ్చింతగా దిగమనండి. కాస్త నవ్వితే మీ సొమ్మేం పోదు.”

యాజకుడు యెరీమోతు వట్టికాళ్ళతో నిలబడ్డాడు. “కనుమలోకి దిగమంటావా?”

తెల్లరాయి. బాకా పెదాలకు చేరింది.

త్రాసు మీద అనుమానం వస్తే వర్తకుడు సరుకును రెండో పళ్ళెంలోకి మార్చి తూస్తాడు.

“స్వామీ, ఇంకొక్క ప్రశ్న. కొండమీదే ఉండమంటాడా?”

“ఒకసారి చెప్పాక మళ్ళీ ఏమిటయ్యా నీ బేరం?”

“ఆ వరసలో నా కొడుకున్నాడు. అడగండి.”

యాజకుడు విసుక్కుంటూ రాయిని సంచిలో వేసి, అడిగి, తీశాడు. తెల్లరాయి. ఆయన ముఖం పాలిపోయింది. సంచిని తానే అరచేతిలో బోర్లించాడు. రెండూ తెల్లవే.

బాకా కిందికి దిగింది. వెనక్కి జారుకోబోయిన హొగ్లా మణికట్టును ఎలీదాదు పట్టుకున్నాడు. మొదటి వరసలో కొడుకు చెప్పువారు బిగించుకుంటున్నాడు. ఎలీదాదు సంతోషం కోసం లోపల తడుముకున్నాడు. ఏమీ తగల్లేదు.

“ఎక్కడ తప్పాను?” అంది డబుల్ ఏజెంట్.

“నువ్వు బాగానే కుట్టావమ్మాయ్. ఆ సంచే అడిగినదానికల్లా ఒప్పుకుంది. మా దేవుడు మాతో అంత తేలిగ్గా ఏనాడూ ఒప్పుకోలేదు.”