కాకి ముట్టని ముద్ద

నాకు దెయ్యాలంటే భయం లేదు. మా ఆడబడుచు నోరంటేనే భయం. కొత్తవలసలో రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగినదాన్ని, రైలు కింద పడ్డవాళ్లతో సహా చూడకూడనివన్నీ చూస్తూనే బడికి వెళ్లాను. అలాంటి నాకు కూడా ఆ ముసురు రోజు శ్రీకూర్మంలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి.

మా పెద్దత్త లక్ష్మణమ్మ, అంటే మా ఆయన భాస్కర్‌కి పెద్దమ్మ, నెల్లిమర్లలో మాతోనే ఉండేది. ఆవిడ భర్త అప్పలసూరి జూట్‌మిల్లు కార్మికుడి కొడుకు. బాగా చదువుకుని యుద్ధ విమానం నడిపేదాకా వెళ్లాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో సరిహద్దు అవతల ఆయన విమానం కూలింది. పారాచూట్‌తో దూకడం చూశామన్నారు తోటివాళ్లు. శత్రువులకు చిక్కాడన్నారు. తర్వాత ఖైదీలు తిరిగొచ్చారు గానీ ఆయన రాలేదు. అవతలివాళ్లను అడిగితే అలాంటి మనిషే మా దగ్గర లేడన్నారు. చచ్చాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. అప్పటికి పెళ్లయి ఏడాదైనా తిరగలేదు. అయినా పెద్దత్త బొట్టు చెరపలేదు, పూలు మానలేదు.

"ఇప్పుడు ముసలాయనై వస్తే గుర్తుపడతావేటి పెద్దత్తా?" అని ఓసారి ఏడిపించాను.

"నవ్వమంటాను. పెల్లికి ముందు కింద దౌడపన్నులో ఎండి పోయించుకున్నాడు. నవ్వితే మెరుస్తాది" అంది ఆ వెండి పన్ను తలుచుకుని, తను కూడా నవ్వుతూ.

రెండువేల పదమూడులో ఆవిడ గుండె జబ్బున పడింది. ఆస్పత్రి నుంచి తెచ్చిన మర్నాడు తనే భాస్కర్‌ని పిలిచి కూచోబెట్టుకుంది.

"నాను పోతే ఆయనకి గుక్కెడు నీలు వదిలేవోలు ఎవులున్నారు రా? పేనం పోయుంటే దాహంతో ఎక్కడ తిరగతన్నాడో. బొమ్మ సేసి కాల్సేద్దాం."

ఏళ్ల తరబడి జాడ తెలియని మనిషికి దర్భలతో బొమ్మ కట్టి, ఆ బొమ్మకే దహనం చేసి, కర్మ జరిపించే ఆచారం ఉంది. నాకు మనసొప్పలేదు. కానీ ఆవిడ మొగుడి సంగతి ఆవిడ తేల్చుకోవాలి, మధ్యలో నేనెవర్ని?

శ్రీకూర్మం దాటాక సముద్రం వైపు, సరుగుడు తోట పక్కన ఇసుకలో పంతులుగారు బొమ్మ కట్టారు. ఒంటికి దర్భలు, తలకి కొబ్బరికాయ, ఎముకలకి మోదుగ కాడలు, పళ్లకి దానిమ్మ గింజలు. ఆ గింజలు మాత్రం తనే పెడతానంది పెద్దత్త. ఒక్కొక్కటే అద్దుకుంటూ వచ్చి, ఒక గింజ దగ్గర వేలు ఆపింది. "ఇదేనే ఎండి పన్ను" అని నాకు చూపించింది.

తర్వాత అన్నం ముద్ద పెట్టారు.

"కాకి ముడితేనే అగ్గెట్టండి" అంది పెద్దత్త. "ముట్టకపోతే ఆయన ఉన్నట్టే."

సరుగుడు చెట్ల మీద కాకులకేం కొదవ లేదు. ముద్ద దగ్గరకు గెంతుకుంటూ వచ్చాయి. మెడలు వంచి చూశాయి. వెనక్కి పోయాయి. ఒక్కటీ అరవలేదు. సముద్రం మీద మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. వానపడితే బొమ్మ కాలదని భాస్కర్‌కి కంగారు. "ముసురుకి కాకులు ముట్టవు బాబూ, ఆవుకి పెట్టినా దోషం లేదు" అన్నారు పంతులుగారు. ఆవు తినేసింది.

"ఆగరా బాస్కరా" అంది పెద్దత్త.

నా మొగుడికి తొందరెక్కువ. మా పెళ్లిలో బాజాలు మొదలు కాకుండానే తాళి కట్టబోయాడు. ఆవిడ మాట పూర్తయ్యేలోపే అంటించేశాడు. మంటలో కొబ్బరికాయ ఫట్‌మని పగిలింది. పెద్దత్త ఉలిక్కిపడి తన దవడ పట్టుకుంది.

మర్నాడు బూడిద ఎత్తాలి కాబట్టి అక్కడే సత్రంలో గది తీసుకున్నాం. పొద్దుగూకే వేళకి కరెంటు పోయింది. భాస్కర్ కొవ్వొత్తులకీ ఇడ్లీలకీ బజారుకెళ్లాడు. మేమిద్దరమే మిగిలాం. బయట వాన. దూరంగా సముద్రం హోరు. చీకటి పడేకొద్దీ గదిలో గడ్డి కాలిన వాసన మొదలైంది. మా చీరలదే అనుకున్నాను. దాని వెనకే ఇంకో వాసన... తడిసిన ఉన్ని కంబళి వాసన. మా వైపు ఉన్ని కంబళి ఎవరు కప్పుకుంటారు?

తలుపు మీద చప్పుడైంది. కొట్టినట్టు కాదు. గోళ్లతో గీరినట్టు. అదీ కింద, గడప దగ్గర.

"కుక్కలే" అన్నాను.

కుక్క దగ్గింది.

మనిషి దగ్గు. ముసలి దగ్గు... గుండెల్లోంచి పీక్కొచ్చే దగ్గు.

"లచ్చీ..."

పెద్దత్త మంచం మీద లేచి కూచుంది. ఆ పేరుతో ఆవిడను పిలిచేవాళ్లు ఎవరూ లేరు. నేనెప్పుడూ వినలేదు.

"లచ్చీ... కాలతంది. నీలు..."

పెద్దత్త దిగి తలుపు వైపు నడిచింది. గుండె జబ్బు మనిషి, ఎక్కడి నుంచి వచ్చిందో బలం! నడుం చుట్టూ చేతులేసి పట్టుకున్నాను.

"వద్దు పెద్దత్తా. తియ్యొద్దు. అది ఆయన కాదు."

"ఆయనేనే." గుసగుసగా అంది. "గొంతు ఇన్నావా? ముసలిది. అప్పుడా యుద్దంలోనే పోయినోడైతే కుర్రగొంతుతో పిలవాల గదే?"

అప్పుడు తెలిసింది నాకు, నిజంగా భయపడటమంటే ఏమిటో.

బయట గోళ్లు ఆగాయి.

"ఎవలే... నన్ను అంటించినారు..."

ఆవిడ గింజుకుంది. నేను వదల్లేదు. గొళ్లెం మీదికి ఆవిడ చెయ్యి వెళ్తే లాగేశాను. గాజులు చిట్లి నా మణికట్టు కోసుకుపోయింది. "నీలే గదే అడగతన్నాడు... గుక్కెడు నీలే గదే..." అంటూ నా భుజం మీద పడి ఏడ్చింది. బయట ఒక్కసారి ఊపిరి ఎగబీల్చిన చప్పుడు. అంతే... తర్వాత వాన చప్పుడే.

ఎంతసేపటికో భాస్కర్ వచ్చాడు. వరండాలో ఎవరూ లేరన్నాడు. కొవ్వొత్తి వెలిగించి నేనే చూశాను. జల్లు కొట్టి వరండా అంతా తడిసి ముద్దయింది. మా గడప ముందు మాత్రం, ఒక మనిషి పడుకున్నంత మేర, నేల పొడిగా ఉంది. చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. భాస్కర్‌కి ఏమీ చెప్పలేదు. చెబితే నవ్వుతాడు, నవ్వితే కొడతాను.

తెల్లారి వాన వెలిశాక ఇసుకలోకి వెళ్లాం. బూడిద నల్ల బురదైపోయింది. పంతులుగారు పుల్లతో కెలికి మోదుగ కాడల ముక్కలు ఏరుతున్నారు. పెద్దత్త వంగి, తల ఉన్న చోట వేళ్లతో తడిమి, ఏదో తీసి చెంగుతో తుడిచింది.

దానిమ్మ గింజ కాదు. పన్ను. దౌడపన్ను. పైన అరిగి అరిగి నున్నబడిపోయింది. మధ్యలో వెండి.

"ఇక్కడ ఎందర్నో కాలుస్తారు పెద్దమ్మా, ఎవరిదో అయ్యుంటాది. పారెయ్" అన్నాడు భాస్కర్. ఆ మాట అంటూ నా వైపు చూశాడు, అవునని నేను కూడా అంటానేమోనని. నేను ఆ పన్ను వైపే వంగాను.

పెద్దత్త భాస్కర్‌ని తిట్టలేదు, ఏడవలేదు. నన్నే అడిగింది.

"నిన్న మీరు అంటించేదాకా నాను పునిస్త్రీనే గదే, గౌరీ?"

ఆవిడ అరచెయ్యి చాపి నాకు చూపించింది. రాత్రంతా వాన కురిసిన బూడిదలోంచి తీసిన ఆ పన్ను వేరు దగ్గర నెత్తురు ఇంకా ఎర్రగానే ఉంది.