తుపాకీకి అమ్మ సంతకం

పొద్దున్నే టిఫిన్లయ్యాక అర్జున్ రావు ఒక ఫైలు తెచ్చి తల్లి ముందు పెట్టాడు. చంద్రకళ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆర్నెల్ల కింద భర్త హనుమంత రావు పోయాక, ఆయన లైసెన్సు తుపాకీని కథలాపూర్ ఠాణాలో అప్పగించారు. దాన్ని కొడుకు పేరు మీదికి మార్చాలంటే, తనకు అభ్యంతరం లేదని తల్లి సంతకం పెట్టాలి.

"ఇక్కడ సంతకం వెట్టమ్మా. పదింటికి జగిత్యాల కలెక్టరాఫీసుకు పోవాలె."

"నేను వెట్ట."

అర్జున్ నవ్వాడు. అమ్మ దేనికైనా ముందు వద్దనే అంటుంది. కానీ ఈసారి ఆమె తలెత్తలేదు.

"తాతల నాటి తుపాకీ అమ్మా, మన పరువు. అది గోడకుంటె ఎవడన్న మన జోలికొస్తడా? మొన్న గా నరేశ్‌గాడు పొలం గట్టు కాడ నాకే ఎదురు నిలవడ్డడు."

నరేశ్ తండ్రి మొగిలి ఒకప్పుడు ఈ ఇంట్లో పొలం పనులు చేసిన జీతగాడు. నరేశ్ దుబాయిలో ఎనిమిదేళ్లు కష్టపడి, వీళ్ల పొలం పక్కనే రెండెకరాలు కొన్నాడు. అదీ అర్జున్‌కు మింగుడుపడనిది. గట్టు ఒట్టి సాకు.

వంటింట్లోంచి భార్య స్పందన వచ్చింది. "నువ్వేమన్నవో గూడ చెప్పు. చేతిల తుపాకీ ఉంటె నీ సంగతి చూస్తుంటి అన్నవట. అత్తమ్మకు నిన్ననే చెప్పిన."

"కోపంల అన్న. నిజంగ కాలుస్తనా?"

"మీ బాపు గూడ గట్లనే అంటుండె," అంది చంద్రకళ. చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. "అప్పుడు నీకు నాలుగేండ్లు. ఓ పొద్దున తుపాకీ ముంగటేసుకొని ఆడుతున్నవ్. నాకు పానం ఆగలె. తూటాలు తీసి పసుపు డబ్బల దాచిన. ఆయనకు చెప్పుడు యాది మర్చిన. మాపటికి పొలం నీళ్ల గురించి లొల్లయింది. మొగిలి ఎదురు మాట్లాడిండని, మీ బాపు తుపాకీ తీస్కొని వాకిట్లకు ఉరికిండు. గురివెట్టి ట్రిగ్గర్ గుంజిండు, అర్జున్! నా కండ్ల ముంగటనే."

అర్జున్ ఫైలు వదిలేసి ముందుకు వంగాడు. "ఏమైందమ్మా?"

"టక్కుమన్నది. గంతే. మొగిలి తువ్వాల భుజానేసుకొని పోయిండు. మల్ల మన గడప తొక్కలె. మీ బాపు మూడొద్దులు అన్నం ముట్టలె. సచ్చేదాక దాన్ల మల్ల తూటా వెయ్యలె. నువ్వు పరువంటున్నవే, గది ఉత్త తుపాకీ. ఆయన చెడ్డోడు గాదు నాయినా. కోపమొచ్చింది, గది చేతికందింది. కట్టె అందితె తల పల్గుతుండె, కుట్లేస్తె మానుతుండె."

"మన సాత్విక్‌కు గిప్పుడు నాలుగేండ్లే," అంది స్పందన మెల్లగా, వాకిట్లో ఆడుకుంటున్న కొడుకును చూస్తూ.

అర్జున్ అడిగాడు. "అప్పటికి నరేశ్ పుట్టిండా?"

"లేదు. మరుసటేడు పుట్టిండు."

అర్జున్ రెండు చేతుల్లో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చంద్రకళ కొడుకు తల నిమిరింది. తర్వాత పెన్ను అతని చేతిలో పెట్టింది.

"తుపాకీ మాకొద్దని రాయి. దానికి వెడత సంతకం."

రాశాడు. ఆమె కింద సంతకం పెట్టింది. అర్జున్ కాగితం మడిచి బండి తాళం తీసుకున్నాడు.

"జగిత్యాలకేనా?"

"మధ్యాహ్నం పోత. ముందు మొగిలి కాక ఇంటికి."

చంద్రకళ కొంగుతో కళ్లొత్తుకుని చెప్పులు వేసుకుంది.

"ఆగు, నేను గూడ వస్త. ముప్పై రెండేండ్ల సంది నేను గూడ ఆయనతోని ఒక్క మాట మాట్లాడలె."