రెక్కల్లేని ఈగ

చనిపోయిన భర్త చిదంబరం నోటుపుస్తకం అట్టలో దాచిన పటం బయటపడిన నాటి నుంచి వకుళకు కంటి మీద కునుకు లేదు. నల్లమలలో ఒక నిట్టనిలువు కొండచరియ, దాని నడుమ ఒక గుహ. అక్కడి గబ్బిలాల బొచ్చులో రెక్కల్లేని ఈగ ఒకటి నెత్తురు తాగి బతుకుతోందని, అవి గోకి దులిపేకొద్దీ తరతరాలుగా దాని కాళ్లకు కొత్త కొక్కేలు మొలిచాయని భర్త చెప్పినప్పుడు తోటి శాస్త్రవేత్తలు నవ్వారు. ఈగను పట్టి తెస్తున్న సీసా లోయలో పడి పగిలిందంటే నమ్మేదెవరు? వకుళ కూడా నవ్వింది. అతను జ్వరంతో పోయి రెండేళ్లయింది. కొత్త జాతి అని ఒప్పించడానికి ఫొటోలు చెల్లవు, ఒక్క ఈగను తెస్తే దానికి అతని పేరు పెట్టించవచ్చు.

చరియ అంచున చెంచు గురవయ్య తాడు చెట్టుకు బిగించి, కొస ఆమె నడుముకు కట్టాడు.

"మాలో తేనెకు దిగేవోని తాడు వాని పెండ్లాం అన్నే పట్టుకుంటడు. చెల్లెలు ముండమోయొద్దని వాడు చచ్చినా ఇడువడు."

"మరి మా ఆయన దిగినప్పుడు?"

"నిన్ను చూడకుండనే చెల్లె అనుకొని పట్టిన. దిగు తల్లీ!"

వకుళ తాడు పట్టుకుని చరియ మీదికి దిగింది. రాళ్లు రాలుతుండగా, పెద్ద తేనెపట్టు పక్క నుంచి జారి గుహలోకి దూరింది. వేల గబ్బిలాలని పటం మీద ఉంది. మిగిలినవి పదకొండే. ఒక్కొక్కదాన్నీ మెత్తగా పట్టి బొచ్చు పాయలు తీసి చూసింది. పదింటి మీద ఏమీ లేదు. పదకొండో దాని మెడ కింద ఉంది! లేత పసుపు ఈగ, కాళ్ల నిండా కొక్కేలు, అచ్చం అతను చెప్పినట్టే. పట్టకారుతో తీసి సీసాలో వేసింది. అప్పుడు కనిపించింది నిండు పొట్ట. ఈ జాతి ఈగ ఒకసారికి ఒక్క పిల్లనే మోసి, గుహ గోడకు అంటిస్తుంది. దీన్ని తీసుకుపోతే ఇక్కడ ఆ జాతే మిగలదు.

చాలాసేపు సీసాను గుండెకు ఆనించుకుని కూర్చుంది. అతని పేరు అందులోనే ఉంది. కడకు మూత తీసి, ఈగను మళ్లీ ఆ బొచ్చులోకి వదిలింది.

పైకి వస్తుండగా కాలు తగిలి ఊడిన రాయి తేనెపట్టు మీద పడింది. తేనెటీగలు ఒక్కసారిగా లేచాయి.

"లాగన్నా! లాగు!"

"కండ్లు మూసుకో! పట్టు ఇడువకు!"

ముఖమంతా కుట్టించుకుంటూ గురవయ్య ఆమెను పైకి లాగి పడేశాడు. ఇద్దరూ పడుతూ లేస్తూ వాగు దాకా పరుగెత్తి నీళ్లలో మునిగారు.

"దొరికిందా?" అన్నాడు వాచిన పెదవులతో.

"ఉందన్నా. ఆయన చెప్పిందంతా నిజమే." వకుళ బావురుమంది. "ఈ మాట ఇప్పుడు ఆయనకెట్లా చెప్పను?"