గుసగుస మోసే గోడ

ఇలా దగ్గరికి జరగండి పిల్లలూ, ఆ ఫోన్లు కాసేపు బోర్లించండి. మీరు గుహ తాతయ్య అని పిలిచే మా తమ్ముడు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఒక్క మాట అందించడు, గమనించారా? ఎందుకో చెబుతాను. అది వాడు సిగ్గుతో చచ్చిపోయిన కథ, వాడి పెళ్లి కుదిరిన కథ కూడా.

అప్పట్లో వాడు సున్నపురాతి గుహలో గైడు. కొండలోకి ఇంకిన వాననీరు రాతిని కరిగించి, చుక్కచుక్కగా కారి, పైనుంచి రాతి కొమ్ముల్ని దించుతుంది, కింద రాతి మొగ్గల్ని మొలిపిస్తుంది. వాటికంటే జనానికి ఇష్టం లోపలి గుండ్రటి హాలు. దాని వంపు ఎలాంటిదో గాని, ఈ చివర గోడకు మొహం పెట్టి గుసగుసలాడితే, ఆ మాట గోడ వెంబడే జారుకుంటూ వెళ్లి ఆ చివరివాళ్ల చెవిలో పడుతుంది. "ఇక్కడ రహస్యాలు మాట్లాడకండి, కాపురాలు కూలుతాయి!" అని వాడు రోజూ జనాన్ని నవ్వించేవాడు.

ఆ గుహకు మ్యాపు గీయడానికి ఒక సర్వే అమ్మాయి వచ్చింది. టికెట్ అడిగితే పలకకుండా కార్డు చూపించింది.

"మాట్లాడ్డానికి కూడా టికెట్ పెట్టారా మేడమ్?" అన్నాడు వీడు.

అప్పుడు మాట్లాడింది. ఆమెకు నత్తి. ఆ తడబాటును నేనిక్కడ పలికి చూపించను, ఆమె చెప్పదలచుకున్నదే చెబుతాను.

"టేపు ఆ చివర పట్టుకుంటారా, జోకులేస్తూనే నిలబడతారా?"

పట్టుకున్నాడు. ఇక రోజూ పట్టుకున్నాడు.

"బిగుతుగా పట్టుకోండి!"

"బిగుతుగానే ఉంది, మీరే లాగుతున్నారు!"

ఒక వాన మధ్యాహ్నం సందర్శకులు లేరు. టికెట్ కౌంటర్లో ఉండే స్నేహితుడు హాల్లోకి వచ్చి, "ఏంటి గురూ, టేపుకు మనసు కూడా కట్టేశావా?" అన్నాడు.

మావాడికి చెవులు ఎర్రబడ్డాయి. అది కప్పిపుచ్చుకోవడానికి గోడకు చేరగిలబడి, ఆమె మాట తడబడే తీరును అచ్చం అలాగే అనుకరించాడు. పైగా, "ఆవిడ ఐ లవ్ యూ అనేలోపు నాకు పళ్లన్నీ ఊడిపోతాయిరా!" అన్నాడు.

స్నేహితుడు పగలబడి నవ్వాడు. హాలు ఆ చివర, గోడ పక్కన, ఒక టార్చిలైటు లేచింది.

ఆమె నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. "మీ గోడ బాగానే పనిచేస్తోంది" అంది. ఆ చిన్న మాట ముగిసేదాకా వాడు ఆమె మొహం చూస్తూ నిలబడాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"అక్కా, నేను మనిషినేనా?"

"సందేహం వచ్చిందంటే ఇంకా మనిషివేరా. వెళ్లి క్షమించమని అడుగు."

వెళ్లాడు. గుహ గుమ్మం దగ్గర ఆమె కళ్లలోకి చూడగానే నోరెండిపోయింది. "క్ష... క్ష..." అని అక్కడే ఆగిపోయాడు.

"ఇంకా సరదా తీరలేదా?" అని ఆమె వెళ్లిపోయింది.

చూశారా కర్మ! ఆ తర్వాత వాడు జనానికి ఆ గోడ చూపించడమే మానేశాడు. ఎవరైనా అడిగితే "రిపేర్లో ఉందండీ" అనేవాడు. రాతిగోడకు రిపేరేమిటని వాళ్లు తెల్లబోయేవారు.

ఆమె పని ముగిసే రోజు వచ్చింది. ఆ చివర ఒక్కతే టేపు చుట్టుకుంటోంది. వీడు గోడకు మొహం ఆనించాడు.

"ఆ రోజు గుమ్మం దగ్గర వెక్కిరించలేదు, సిగ్గుతో నోరు పెగల్లేదు. అంతకు ముందుది మాత్రం వెక్కిరింపే. మీరంటే ఇష్టమని నా స్నేహితుడికి తెలిసిపోతుందని, నా పరువు కోసం మీ పరువు తీశాను."

ఆ చివర టేపు చుట్టే చప్పుడు ఆగింది. తర్వాత గోడ పలికింది.

"ఇష్టం సంగతి నాకు తెలీదనుకున్నారా? మీ చెయ్యి వణికినప్పుడల్లా నా కొలత తప్పింది. ఆ రోజు గోడలోంచి వినపడ్డ నవ్వే... అదే మర్చిపోలేకపోతున్నాను."

ఒక్క అక్షరం తడబడలేదు. వాడు నిర్ఘాంతపోయాడు.

"మీకు... ఇప్పుడు..."

"గుసగుసలో నత్తి రాదు. గొంతు మోగకపోతే నా నాలుక నా మాట వింటుంది. చిన్నప్పటి నుంచీ అంతే."

"అయితే జన్మంతా ఇలాగే గుసగుసగా..."

"అక్కర్లేదు. బయటికి రండి. నలుగురిలో, గట్టిగా చెబుతాను. మధ్యలో అందించకుండా వినగలరా?"

బయట వాన వెలిసింది. కౌంటర్ దగ్గర జనం. ఆమె మొదలుపెట్టింది, మొదటి మాట దగ్గరే చిక్కుకుంది. స్నేహితుడు జాలిపడి మాట అందించబోతే, మావాడు వాడి నోరు మూశాడు. అందరూ చూస్తున్నారు. మావాడి మొహం కందగడ్డయింది, కానీ చూపు తిప్పుకోలేదు, కదల్లేదు.

చివరికి ఆ మాట పూర్తయింది: "మనం పెళ్లి చేసుకుందాం."

ఊపిరి పీల్చుకుని, ఇంకోటి కూడా తీరిగ్గా అడిగింది. "పళ్లున్నాయా, ఊడాయా?"

అంత జనంలో వాడు నవ్వుతూ ఏడ్చాడు.

ఇప్పుడు నిజంగానే పళ్లూడాయి. అయినా మా మరదలు మాట్లాడుతుంటే ఈనాటికీ అలాగే నిలబడి వింటాడు, ఆ గోడ మాటెత్తితే ఈనాటికీ తలదించుకుంటాడు.

ఇది రేపు మీ పిల్లలకు చెప్పండమ్మా, మర్చిపోకండి. ఒక్కటే షరతు. ఆమె మాటలు వచ్చినచోట నవ్వించడానికని తడబడకండి. పిల్లల చెవి దగ్గరికి వంగి, గుసగుసగా చెప్పండి.