వీరాయమ్మ ఈనెపుల్ల

“ఇంటికొక్కరేనండీ! పైవాళ్ళు చెప్పేరు. నా చేతుల్లో ఏం లేదు!”

సూపర్‌వైజర్ శ్యామ్ బాబు ఆ మాట అనగానే దుర్గాభవాని పక్కనున్న అత్తవైపు తిరిగి చూసింది. ముమ్మిడివరం దగ్గర ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ఆమె, అత్త వీరాయమ్మ ఒకే బల్ల దగ్గర నిలబడి రొయ్యలు ఒలుస్తారు. సరుకు పైదేశాలకి పోవడం ఆగిపోయిందట. మొన్ననే ఐసు గది మూసేసి ఆమె భర్త సత్యదుర్గారావుని పంపించేశారు. అతను రావులపాలెంలో అరటిగెలలు మోస్తున్నాడు, అదీ వారానికి మూడు రోజులే. ఇప్పుడు ఆడవాళ్ళ వంతు! మర్నాటి తూకంలో ఇంట్లో ఎవరి బేసిను ఎక్కువ తూగితే వాళ్ళే ఉంటారు.

అత్తతో పోటీయా...! ఇరవై ఏళ్ళ చెయ్యి ఆవిడది. అందరూ కత్తితో వీపు చీల్చి నల్లనరం తీస్తారు. వీరాయమ్మ మాత్రం కొబ్బరి ఈనెపుల్లతో రెండో కణుపు దగ్గర గుచ్చి ఒక్క లాగు లాగుతుంది. వీపు చీలదు. అక్కడ పుల్ల వాడకూడదు. అయినా ఆ పనితనం చూసి శ్యామ్ బాబు చూడనట్టే పోయేవాడు.

మర్నాడు పొద్దున్న ఆటోలో దుర్గ అంది. “అత్తయ్యా... మీరే ఉండండి. నేనెక్కడైనా పాచిపని చూసుకుంటాను.”

“ఎక్కడ చూస్తావే? ఊరంతా పనికోసం తిరుగుతుంటే నీకోసం అట్టేపెట్టేరా? నోరుమూసుకుని చెయ్యి ఆడించు. నా చేతుల ముందు నీ చేతులెంత!”

ఎంత రాతిగుండె...! దుర్గ కళ్ళు తుడుచుకుంది.

ఐసునీళ్ళలో వేళ్ళు తిమ్మిరెక్కినా ఆ రోజు ఆమె ఆగలేదు. అన్నం బెల్లు మోగినప్పుడు ఒక్కసారే బల్ల వదిలింది. అత్త కదల్లేదు.

“నాకాకలి లేదు. పో.”

తిండి మానేసి మరీ నా కడుపు కొడుతోంది అనుకుంది దుర్గ.

సాయంత్రం తూకం వేశారు. శ్యామ్ బాబు కాటా రెండుసార్లు చూశాడు.

“వీరాయమ్మగారూ! ఏంటండీ ఇది? సగమేనా?”

“ఆయ్. వయసైపోయిందండీ బాబూ. కళ్ళు ఆనట్లేదు.”

దుర్గ బేసిను ట్రేలోకి వంపారు. ముందు చీలిన వీపులు పడ్డాయి. ఆ తర్వాత మధ్యలో పడ్డవాటిలో... ఒక్కదానికీ గాటు లేదు! రెండో కణుపు దగ్గర సూదిబెజ్జమంత గురుతు, అంతే! దుర్గ నోరు తెరవబోయింది. అత్త ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. శ్యామ్ బాబు కూడా చూశాడు. తల వంచుకుని దుర్గ పేరు రాసుకున్నాడు.

గేటు దాటాక దుర్గ భోరుమంది. “అత్తయ్యా! మిమ్మల్ని లోపల ఎన్నెన్ని మాటలు అనుకున్నానో...!”

“పైకి అనలేదుగా? ఇక ఆపు. ఆటోవాడు మనకేదో చావుకబురు వచ్చిందనుకుంటాడు.” ఆటో ఎక్కుతూ అంది. “నా మోకాళ్ళు ఇంకో ఏడాది. నువ్వయితే చాలా ఏళ్ళు నిలబడతావు.”

నలభై రోజులు గడిచాయి. ఓ పొద్దున్న గేటుకి తాళం కనిపించింది. తాళం పక్కన ఫ్యాక్టరీ మూసేశామని ఒక కాగితం. ఆడవాళ్ళంతా కాసేపు నిలబడ్డారు. ఎదురుగా టీబడ్డీ ఆయన పొయ్యి ఆర్పేశాడు. ఆటోలు కిరాయి లేక వెనక్కి తిరిగాయి.

దుర్గ నడిచే ఇంటికొచ్చింది. అత్తయ్య నాకోసం వదులుకున్న పని నలభై రోజులకే పోయిందని ఏ నోటితో చెప్పను...?

వీరాయమ్మ అరుగుమీద కూర్చుని చీపుర్లకోసం కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. తలెత్తి కోడల్ని చూసింది. మూత తియ్యని క్యారేజీని చూసింది. కొంచెం పక్కకి జరిగింది.

దుర్గ కూర్చుని కత్తి అందుకుంది. కన్నీళ్ళు ఆకుమీద పడుతున్నాయి...

“అలాక్కాదే. కత్తి నీవైపు తిప్పకు. ఇదిగో, ఇలాగ.”

వీరాయమ్మ కోడలి చెయ్యి పట్టుకుని చూపించింది. చూపించడం అయిపోయినా వదల్లేదు.