బగ్ లేకపోయినా రండి

మేడ మెట్లు ఇరుకు. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కడం కుదరదు. ఆ మధ్యాహ్నం వాన మొదలవగానే కింద ఆరేసిన చొక్కా గుర్తొచ్చి అతను గబగబా దిగుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి, ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, రెండో చేత్తో గుండెకి అదుముకున్న ల్యాప్‌టాప్ సంచితో పైకి వస్తోంది.

అతను గోడ వైపు జరిగాడు. ఆమె కూడా అటే జరిగింది. అతను కటకటాల వైపు జరిగాడు. ఆమె కూడా అటే.

“మీరు ఆగండి, నేను వెళ్తాను,” అన్నాడు.

“మీరే ఆగండి. తడిసింది నేను.”

ఇద్దరూ ఆగిపోయారు. కింద సైకిల్ షాపు మెకానిక్ తలెత్తి చూసి, “ఎవరో ఒకరు కదలండి బాబూ, నా మెట్లు అరిగిపోతాయి,” అన్నాడు.

చివరికి అతనే వెనక్కి ఎక్కాడు. చొక్కా సంగతి వాన చూసుకుంది.

గదిలోకి వచ్చాక ఆమె గొడుగు మూలకి ఆనించి, ఉన్న ఒక్క బల్లని, ఒక్క కుర్చీని, ఒక్క కప్పుని వరసగా చూసి, “నత్తగారంటే మీరేనా?” అంది.

అది అతని పేరు కాదు. చిన్నప్పుడు కంచం ముందు గంటసేపు కూర్చునేవాడని అక్క పెట్టిన పేరు. పెద్దయ్యాక తను రాసిన కోడ్ ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు ఆ సైటు ఏదో ఒక పేరు అడిగితే, తోచక అదే పెట్టేశాడు. దానికి ఎవరైనా ‘గారు’ తగిలించడం మాత్రం ఇదే మొదటిసారి.

“నేనే. మీరు?”

“పిచ్చుక.”

పది రోజులుగా ఆ పేరు కనబడితే చాలు, అతనికి ఒళ్ళు మండుతోంది.

అతనికి ఉద్యోగం లేదు, కావాలనీ లేదు. పొద్దున పూట చిన్న చిన్న దుకాణాలకి ప్రోగ్రాములు రాసిచ్చేవాడు. మధ్యాహ్నం నుంచి ఈ మేడ గదిలో తన సొంత పని. రాత్రికి అక్కా బామ్మా ఉన్న ఇంటికి వెళ్ళేవాడు. ఒక ప్రోగ్రాంలో పది పనులు ఒకేసారి నడుస్తుంటే అవి ఒకదాన్నొకటి తొక్కుకోకుండా చూసే లైబ్రరీ ఒకటి నాలుగేళ్ళుగా రాస్తున్నాడు. దాన్ని ఎవరైనా తమ ప్రోగ్రాంలో కలుపుకుని ఉచితంగా వాడుకోవచ్చు. లోపలి కోడ్ ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్ది పంపవచ్చు. నాలుగు వందల ముప్ఫై మంది ఆ పనిని గమనిస్తుంటారు. అందులో ఏ చిన్న మాట రాసినా అందరికీ మెయిల్ వెళ్తుంది.

ఆ నాలుగు వందల ముప్ఫై మంది ముందే పిచ్చుక అనే ఆవిడ రాసింది: “మీ లైబ్రరీ వాడితే మా ప్రోగ్రాం రెండు మూడు రోజులకోసారి బిగుసుకుపోతోంది. తప్పేమిటో కూడా చెప్పదు. అలిగిన మనిషిలా కూర్చుంటుంది.”

“నా దగ్గర అలా జరగడం లేదు,” అని రాసి, తేలిపోయినట్టే అతను ఫిర్యాదు మూసేశాడు. ఆమె మళ్ళీ తెరిచింది. అతను మళ్ళీ మూశాడు.

“నా దగ్గర జరగడం లేదని నాలుగుసార్లు రాశారు,” అంటూ ఆమె సంచి తెరిచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. “నా దగ్గర జరుగుతోంది. అందుకే నా దగ్గరున్నది మీ దగ్గరికి తెచ్చాను. మీ అడ్రస్ ప్రాజెక్టు పేజీలోనే ఉంది. మా ల్యాబ్‌కి రెండు బస్టాపులు.”

కుర్చీ ఆమెకిచ్చి అతను కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

ప్రోగ్రాం నడవడం మొదలుపెట్టింది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. హెడ్‌మాస్టరు ఎదుట కూర్చున్న అల్లరి పిల్లాడిలా అది బుద్ధిగా నడుస్తూనే ఉంది.

“నేను చెప్పలేదూ,” అన్నాడతను.

“మీ మొహం చూసి భయపడింది. వచ్చే శనివారం మళ్ళీ తెస్తాను. శనివారం మధ్యాహ్నాలు నాకు సెలవు.”

మరుసటి శనివారం అతను లోపల ఏం జరుగుతోందో రాసిపెట్టే నాలుగు లైన్లు కలిపాడు. ఆ నాలుగు లైన్లు ఉన్నంతసేపు బగ్ రాలేదు. తీసేసినా రాలేదు. ఏం చేస్తారు, కబుర్లు చెప్పుకున్నారు.

ఆమె ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. రక్తపరీక్షల మెషిన్లు ఆరు. ఆరింటి ఫలితాలూ చేత్తో రాసేవారట. ఒకసారి ఒకరి చీటీ ఇంకొకరి చేతికి వెళ్ళింది. “పెద్ద ప్రమాదమేం జరగలేదు లెండి. కానీ చీటీ రాసింది నేను. ఆ వారమే ప్రోగ్రామింగ్ పుస్తకం కొన్నాను,” అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు.

“మా బామ్మ కూడా ఇలాంటిదే అడిగింది,” అన్నాడతను. “నేనేం పని చేస్తానో చెప్పబోతే, లోకంలో ఇంతమంది ఒకేసారి దేవుడికి మొర పెట్టుకుంటారు కదా, ఒకరి మొర ఇంకొకరి మొరలో కలిసిపోకుండా ఆయన ఎలా చూసుకుంటాడు, నువ్వు చేసేది అదేనా అంది.”

“మీరేమన్నారు?”

“అదే బామ్మా, కాకపోతే నాకు బగ్గులొస్తాయి అన్నాను.”

ఈసారి ఆమె నవ్వింది. నవ్వినప్పుడు కళ్ళజోడు కొంచెం కిందికి జారుతుందని అతను గమనించాడు. ఇలాంటివి గమనించడంలో అతను నత్త కాదు.

మూడో శనివారం ఇద్దరూ విసుగెత్తి, ప్రోగ్రాంని దాని మానాన వదిలేసి వసారాలో నిలబడి వాన చూశారు. పావుగంట తర్వాత లోపలికొస్తే, అది బిగుసుకుపోయి ఉంది.

“అలిగింది,” అంది ఆమె మెల్లగా, ఉయ్యాల్లో బిడ్డ నిద్ర లేస్తుందేమోనన్నట్టు. “ముట్టుకోకండి.”

చీకటి పడకముందే దొరికింది. మెషిన్‌నైనా ఫైలునైనా వాడాలంటే ముందు దాని తాళం చేతిలో ఉండాలి. ఒక పని మెషిన్ తాళం తీసుకుని ఫైలు తాళం కోసం ఎదురుచూస్తోంది. ఇంకో పని ఫైలు తాళం పట్టుకుని మెషిన్ తాళం కోసం ఎదురుచూస్తోంది. చేతిలోది వదలకుండా, నోరు విప్పకుండా, రెండూ మహా మర్యాదగా నిలబడి ఉన్నాయి. తప్పు ఆమె ప్రోగ్రాంలో లేదు. అతని లైబ్రరీలో ఉంది.

అతను కీబోర్డు దగ్గరికి లాక్కుని, నాలుగుసార్లు మూసిన ఆ ఫిర్యాదు తనే తెరిచి, అందరూ చూసేలా రాశాడు: “తప్పు నాదే. ఆమె మొదటి నుంచీ నిజమే చెబుతోంది.”

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. “సవరణ నేను రాస్తాను. మీరు దిద్దండి. త్వరగా దిద్దండి, నెలాఖరు సోమవారం మా పెద్ద డాక్టరుగారు ఈ ప్రోగ్రాం ఉంచాలో పీకెయ్యాలో తేలుస్తారు.”

మంగళవారానికల్లా సవరణ పంపింది. అతను ఆ సాయంత్రం కూర్చుని లైను లైనూ చదివాడు. ఎనిమిది చోట్ల చిన్న చిన్న సూచనలు రాశాడు. చివరి లైను పక్కన రాయడానికి సూచనేం లేదు. అయినా రాశాడు.

“ఇక మీ ల్యాబ్ ఆగదు. ఇక్కడికి రావలసిన పని కూడా మీకుండదు. బగ్ లేకపోయినా శనివారం రండి.”

రాశాక చెవులు వేడెక్కాయి. ల్యాప్‌టాప్ టక్కున మూసేసి, వెనక ఎవరో తరుముతున్నట్టు మెట్లు దిగిపోయాడు.

శనివారానికి గది ఊడ్చి రెండో కప్పు తెచ్చి పెట్టాడు. ఆమె రాలేదు.

తర్వాతి వారమంతా జవాబు రాలేదు. ఫోన్ చేద్దామని మూడుసార్లు అనుకుని మూడుసార్లూ మానుకున్నాడు. అడిగేశాను కదా, చెప్పకపోవడమే ఆమె చెప్పడమేమో, మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టడం ఏం మర్యాద అనుకున్నాడు. మర్యాద మంచిదే. కానీ అది ఎక్కడ మర్యాదో, ఎక్కడ పిరికితనమో పైనున్న ఆయనకే తెలియాలి.

ఆ పై శనివారం పొద్దున ఇంట్లో టిఫిన్ దగ్గర ఉండగా ఆమె నుంచి వచ్చింది: “పదకొండు రోజులు చూశాను. తీరిక లేకపోతే ఒక్క ముక్క చెప్పాల్సింది. ఎల్లుండే సోమవారం. సవరణ వెనక్కి తీసుకుంటున్నాను.”

అతని భుజం మీదుగా అక్క చదివేసింది. అక్క బడిలో టీచరు. ఎవరి చేతిలో కాగితం ఉన్నా దిద్దాలనిపిస్తుంది ఆవిడకి.

“ఎవర్రా ఈ అమ్మాయి? ఎదురుచూశానంటోంది, నువ్వు ఉప్మా తింటున్నావు.”

“నేను రాశానక్కా. ఆ మంగళవారమే రాశాను. కావాలంటే చూడు.” ల్యాప్‌టాప్ తెరిచి ఆవిడ వైపు తిప్పాడు. తొమ్మిదోది చదువుతుందన్న ధ్యాస కూడా లేదు.

అక్క తొమ్మిదీ చదివింది. కనుబొమ్మలు పైకి లేచాయి. తర్వాత వేలు పెట్టి చూపించి, “ఇదేంటి, ప్రతిదాని పక్కనా పసుపు రంగులో పెండింగ్ అని ఉంది?” అంది.

అతను చూశాడు. చేతిలో స్పూను అలాగే ఆగిపోయింది.

ఆ సైటు పద్ధతి అది. ఒకరి పని దిద్దేటప్పుడు రాసే సూచనలన్నీ దిద్దేవాడి దగ్గరే ఉండిపోతాయి. అంతా అయ్యాక చివర ‘పంపు’ అని ఒక బటన్ నొక్కాలి. అప్పటిదాకా అవి రాసినవాడికి తప్ప ఎవరికీ కనబడవు. నాలుగేళ్ళలో కొన్ని వందలసార్లు నొక్కిన బటన్. ఆ రోజు చెవులు వేడెక్కి నొక్కలేదు.

“అంటే,” అక్క నింపాదిగా అంది, “నోటుబుక్కులన్నీ దిద్ది నీ సంచిలోనే పెట్టుకుని, పిల్లలు మార్కులు చూసుకోలేదని అలిగావన్నమాట.”

“అక్కా.”

“పది పనులు ఒకేసారి నడిపిస్తాడట బామ్మా, మన నత్త. ఒక్క బటన్ నొక్కలేకపోయాడు.”

అతను బటన్ మీదికి వేలు తీసుకెళ్ళి ఆగాడు. ఇది నొక్కితే తొమ్మిదోది కూడా నాలుగు వందల ముప్ఫై మందికి వెళ్తుంది. దాన్ని చెరిపేసి మిగతా ఎనిమిదీ పంపవచ్చు. అప్పుడు ఆమెకి సవరణకు జవాబు అందుతుంది. ఇంకేమీ అందదు.

మూల కుర్చీలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్న బామ్మ, కళ్ళు తెరవకుండానే అడిగింది. “ఆ పిల్ల ఎక్కడుంటుందిరా?”

“ల్యాబ్‌లో ఉంటుంది. మన మేడ గదికి రెండు బస్టాపులు.”

“మరి ఇక్కడ కూర్చుని వేలెందుకు చూసుకుంటున్నావు?”

ల్యాబ్ చేరేసరికి వాన. గొడుగు లేదు. చొక్కా లోపల ల్యాప్‌టాప్ దాచుకుని లోపలికెళ్ళాడు. స్పిరిట్ వాసన, ఆరు మెషిన్ల రొద, వాటి మధ్య తెల్లకోటులో ఆమె గాజుగొట్టాలకి పేర్లు అంటిస్తోంది. తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది.

“ఇంటర్నెట్ పనిచేయట్లేదా నత్తగారూ, కాళ్ళకి పనిచెప్పారు.”

“నా జవాబు మీ దగ్గర కనబడలేదు. నా దగ్గర కనబడుతోంది.” అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. “అందుకే నా దగ్గరున్నది మీ దగ్గరికి తెచ్చాను.”

తన మాటలే తనకి తిరిగొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. ల్యాప్‌టాప్ తెరిచి ఆ పసుపు ముక్క చూపించాడు. ఎందుకలా అయిందో చెప్పాడు. ఆమె చేతితొడుగులు తీసి, స్టూలు లాక్కుని, మొదటి నుంచీ చదవసాగింది.

“మూడోది ఒప్పుకోను. నేను పెట్టిన పేరే బాగుంది.”

“సరే.”

“ఆరోది నిజమే. ఎలా చూడలేదో.”

తొమ్మిదోదాని మీద వేలు పెట్టింది. వెనక ఒక మెషిన్ బీప్ మంది. ఆమె పట్టించుకోలేదు.

“ఇది ఏ లైను గురించి?”

“చివరి లైను.”

“చివరి లైనులో తప్పేముంది?”

“తప్పేం లేదు. ఉంటే మిమ్మల్ని పిలవడానికి భయముండేది కాదు.”

ఆమె కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. “పోయిన శనివారం మీ మెట్ల కింద దాకా వచ్చాను,” అంది చివరికి. “మెకానిక్‌ని అడగండి. బగ్ లేదు, జవాబు లేదు, ఏమని ఎక్కను? రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయాను.”

పైన రెండు కప్పులు పెట్టుకుని తను, కింద గొడుగు పట్టుకుని ఆమె. అతనికి ఆ రెండు తాళాలూ గుర్తొచ్చాయి.

ఆమె ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

“ఆగండి. నాలుగు వందల ముప్ఫై మందికి వెళ్తుంది.”

“వాళ్ళలో నేనొకదాన్ని,” అని ఆమె బటన్ నొక్కింది.

కోటు జేబులో ఆమె ఫోన్ మోగింది. తీసి, అప్పుడే అందినట్టు తొమ్మిదోది మళ్ళీ చదువుకుని, ఏదో టైపు చేసింది. ఈసారి అతని ఫోన్ మోగింది. తొమ్మిదో సూచన కింద పిచ్చుక జవాబు: “అంగీకరించాను. ఈ శనివారం నుంచే అమలు.”

సాయంత్రానికి సవరణ మళ్ళీ తెరిచి, అంతా దిద్ది, లైబ్రరీలో కలిపారు. ఎక్కడో సముద్రాలవతల ఒక పెద్దమనిషి, “తొమ్మిదో అంశం అందరికీ వర్తిస్తుందా?” అని అడిగాడు. సోమవారం పెద్ద డాక్టరుగారు ఉంచమనీ అనలేదు, పీకెయ్యమనీ అనలేదు. ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. ఆమెకి అది చాలు. మూడు నెలల్లో శనివారాలు చాలా ఉంటాయి.

తర్వాతి ఆదివారం అతను ఆమెని ఇంటికి తీసుకెళ్ళాడు. బామ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“నా మొరలు కొన్నిటికి జవాబే రాలేదే తల్లీ. ఎప్పటివో. ఇంతమంది గోలలో నాది వినబడలేదంటావా?”

“నాకు తెలీదు బామ్మగారూ. ఆ పదకొండు రోజులూ నాకు జవాబు లేదనే అనుకున్నాను. తీరా చూస్తే మొదటి రోజే రాసి ఉంది.”

బామ్మ ఆ మాట మనసులో తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత ఆమె తల మీద చెయ్యి పెట్టి, “వీడితో కొంచెం ఓపిక పట్టాలి. అన్నం గంటసేపు తింటాడు,” అంది. ఆ ఇంట్లో ఆశీర్వాదమంటే అదేనని అక్క ఆమె చెవిలో చెప్పింది.

ఆ వారం శనివారం మళ్ళీ వాన. బగ్ లేదు. ఇద్దరూ చెరో కప్పు పట్టుకుని మేడ మెట్ల మీద కూర్చున్నారు. ఒక మనిషికే చాలని మెట్టు అది.

“దారి ఇస్తారా బాబూ,” కింద నుంచి మెకానిక్ అరిచాడు.

“మీరు లేవండి,” అందామె.

“మీరే లేవండి,” అన్నాడతను.

ఎవరూ లేవలేదు.