వాగులో ఆగిన బండి

సూర్యాస్తమయం... వెలుగు చచ్చి చీకటి పుట్టే ఘడియ... జిన్నులు దారుల మీదికి దిగే వేళ! యెమెన్‌లోని హద్రమౌత్ కొండల నెత్తిన కారుమేఘాలు కాలసర్పాల్లా మెలికలు తిరుగుతున్నాయి. ఎక్కడో ఉరుము... వెంటనే గుడ్లగూబ భీకరమైన కూత!

ఎండిన వాగు నడిమధ్యలో కరామా నడుపుతున్న పికప్ బండి ఠక్కున ఆగిపోయింది.

"వానొచ్చేట్టుంటే వాగులో ఆపుతావేంటయ్యా?" కసిరింది పక్కనున్న భార్య ముజ్నా. వెనక తేనెటీగల పెట్టెలు. రేగుపూల లోయకి ఈగల్ని చేర్చాలని బయలుదేరారిద్దరూ.

"నేనాపలేదే... అదే ఆగింది. నిన్ననేగా బెల్టు మార్చాను!"

తండ్రి వదిలిపోయిన బండి అది. రేడియేటర్‌కి మాట్లు వేసి, తుక్కులో ఏరుకొచ్చిన బ్రేకులు బిగించి, కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. కొండమీది పాడుబడ్డ సమాధుల దాకా ఎక్కగల బండి అదొక్కటే. అందుకే క్షుద్రపూజల కోసం మాంత్రికుడు జువైద్ దానిపై కన్నేశాడు. చచ్చినా ఇవ్వనని కరామా పదిమందిలో అతని మొహానే చెప్పాడు.

"ఇవ్వవూ?"

ఆ గొంతు ముజ్నాది కాదు! కనుపాపలు మాయమైన తెల్లని కళ్లు... మెడ మీదికి దూకిన గోళ్లు!

కరామా విదిలించుకుని కిందికి దూకాడు. బానెట్ ఎత్తాడు. బ్యాటరీ పక్కన... వెంట్రుకలు చుట్టిన కపాలం! దాని దవడల్లోంచి రాగితీగ సాగి ఇంజన్‌ని ఉరితాడులా బిగించింది.

గట్టు మీద వికటాట్టహాసం! జువైద్!

"ముట్టుకున్నావో, నీ పెళ్లాం నెత్తురు కక్కుకుని చస్తుందిరా! 'బండి నీదే' అని నాతో ఒక్క మాట అను... వదిలేస్తా!"

ముజ్నా కంటే బండి ఎక్కువా? 'నీదే' అనడానికి కరామా నోరు తెరిచాడు.

"అనకయ్యా..." ఆ పిశాచస్వరం అడుగునుంచి ముజ్నా అసలు గొంతు పెగిలింది. "బండిచ్చినా వాడు నన్ను వదలడు... ఆ తీగ పీకెయ్!"

కరామా ఖురాన్‌లోని రక్షణ వాక్యం ఆయతుల్ కుర్సీ చదువుతూ ప్లయర్‌తో తీగను తెంపాడు. అరచేయి భగ్గున కాలింది! కపాలం వికృతంగా ఊళపెట్టి ఇసుకలోకి దొర్లింది. ముజ్నా సీట్లో కుప్పకూలింది.

కరామా బానెట్ మూసి, స్టీరింగ్ ముందుకి దూకి తాళం తిప్పాడు. ఇంజన్ గర్జించింది! బండి రాళ్ల మీద ఎగిరెగిరిపడుతూ అవతలి గట్టెక్కింది.

జువైద్ మొహంలో రక్తం ఇంకిపోయింది. కట్టు తెగిన జిన్ను ముందు కట్టినవాణ్ణే మింగుతుంది! మళ్లీ బంధించాలని వాగులోకి పరుగెత్తి కపాలాన్ని అందుకున్నాడు.

అప్పుడే... ఎగువ లోయ నుంచి భూమి అదిరే హోరు!

"జువైద్! వరదొస్తోంది, దాన్ని పారేసి పైకి రా!" గొంతు చించుకున్నాడు కరామా.

"రాలేను... వదలడం లేదు! ఇది నన్ను వదలడం లేదూ!"

కపాలం దవడలు అతని వేళ్ల మీద మూసుకుపోయాయి! బండరాళ్లను దొర్లించుకుంటూ ఎర్రటి జలరాక్షసి విరుచుకుపడింది. ఒక్క కేక... అంతే! మేఘాల్ని నడిపించే ఆ పైవాడి ముందు ఏ క్షుద్రశక్తి నిలుస్తుంది!

ముజ్నా కళ్లు తెరిచింది. "ఎవరయ్యా... అరిచింది?"

కరామా కాలిన అరచేతిని ఆమె నుదుటి మీద ఉంచాడు. తెల్లవారే దాకా ఇంజన్ మాత్రం ఆపలేదు.